పక్కకు ఆపుకోలేని బండి

కారింజనూ, నిన్ను నేల కోసం చేశారు.

చౌరస్తాలో ఎర్రదీపం ముందు గుర్రుమంటూ నిలబడటానికి, బడి దగ్గరి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగటానికి, పెళ్లిళ్ల సీజన్లో ఐదుగురి చోట ఏడుగురిని మోయటానికి చేశారు. నిన్ను గీసిన ఇంజనీరుకు నీ మీద జాలి ఎక్కువ. ఉన్న బలంలో నాలుగో వంతు వాడితే సాఫీగా సాగిపోయే బతుకు నీకు రాశాడు. మిగతా ముప్పాతిక అవసరమయ్యేది ఎప్పుడో లారీని దాటేటప్పుడు, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు. అది కూడా కాసేపే. ఆ తర్వాత మళ్లీ నెమ్మది.

అలాంటి నిన్ను ఎవరో ఒకాయన పాత బండిలోంచి గొలుసు కప్పీతో పైకి లేపాడు. గేరుబాక్సు విప్పి మూలకు నెట్టాడు. ముక్కుకు పంకా తగిలించి, తన షెడ్డులో తానే అతికిన రెక్కల మధ్య కూర్చోబెట్టాడు. ఇక నీకు క్లచ్ లేదు, న్యూట్రల్ లేదు, దిగుడులో ఊపిరి తీసుకోవడం లేదు. పరుగు మొదలైన క్షణం నుంచి నీ పూర్తి బలం అడుగుతాడు. పైకి చేరాక కూడా ముప్పాతికకు తగ్గనివ్వడు, గంటల తరబడి. ఇదేం పని అని నువ్వు ఒక్క మాట అనలేదు.

అందుకు నీకు దండం.

నీ చుట్టూ తిరిగే మనిషికి రెండు దండాలు. రోడ్డు మీద నువ్వు మొరాయిస్తే నిన్ను పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, షెడ్డుకు ఫోన్ చేసి, చాయ్ తాగుతూ కూర్చోవచ్చు. ఆకాశానికి పక్క లేదు. బానెట్ ఎత్తి చూడాల్సిందంతా నేల మీదే చూసుకుని పోవాలి. ఫ్యాక్టరీలో పుట్టిన విమానం వెనక ఒక కంపెనీ నిలబడి ఉంటుంది. ఎక్కడో ఒక పగులు కనబడితే ప్రపంచమంతటా అలాంటి విమానాలున్న వాళ్లకు కబురు పోతుంది. నీకు అలా కబురు పంపే పెద్దదిక్కు లేదు. నిన్ను కారులో పెట్టి అమ్మిన వాళ్లు నిన్ను ఎగరేస్తారని కలలో కూడా అనుకోలేదు. నీ ఫ్యాక్టరీ, నీ సర్వీసు సెంటరు, నీ తనిఖీ అధికారి, అన్నీ గోళ్లలో నల్ల నూనె పట్టిన ఆ ఒక్క మనిషే.

ఇది జోగిపేటలో కూర్చుని రాస్తున్నాను. ఈ ఊరికి విమానాలు పైనుంచే తెలుసు. దుండిగల్‌లోని వాయుసేన అకాడమీ పిల్లలు ఉమ్మడి మెదక్ జిల్లా ఆకాశంలోనే రెక్కలు తిప్పడం నేర్చుకుంటారు. కిందికి చూస్తే మాత్రం ఇదంతా ఇంజన్ల దేశం. సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే 161వ నంబరు రోడ్డు వెంట షెడ్లు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం దిక్కు పోతే లేత్ మిషన్ల గీర. రామచంద్రాపురంలో గ్యాస్ టర్బైన్లు చేసే బీహెచ్‌ఈఎల్, ఎద్దుమైలారంలో సైన్యానికి ‘శరత్’ యుద్ధ వాహనాలు కట్టే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు. ఇనుమును మైక్రాన్ల లెక్కన గీకగల చేతులు ఈ పట్టీలో వేలల్లో ఉన్నాయి. నిన్ను పొగడటానికి ఇంతకన్నా తగిన చోటు నాకు తోచలేదు.

ఇక్కడి షెడ్డులో ఉస్తాద్ నీ జబ్బును చెవితో పడతాడు. పెద్ద స్క్రూడ్రైవర్ మొన నీ ఒంటికి ఆనించి, పిడి తన చెవి ముందు ఎముకకు అదిమి, కళ్లు మూసుకుంటాడు. ‘మూడోది మిస్సింగ్ కొడుతున్నది’ అంటాడు. పక్కనున్న పోరడు మూడో ప్లగ్గు తీగ పీకితే నీ చప్పుడులో ఏ మార్పూ ఉండదు. పని చేయని వాణ్ని తీసేస్తే తేడా ఏముంటుంది మరి!

అక్కడే అడిగాను, “కాకా, కారింజన్ పెట్టి విమానం ఎగరేస్తరట. నడుస్తదా?” అని.

చేతులు వేస్టుగుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు: “ఎందుకు నడవదు బిడ్డా? అది రోడ్డు మీద ఉన్నదో మొగులు మీద ఉన్నదో ఇంజన్‌కు ఏమెర్క? దానికి కావాల్సింది పెట్రోలు, మంట, నూనె, సల్లదనం. గవి నాలుగు ఇస్తే ఏడనన్న నడుస్తది. ఒక్కటి తక్కువైతే ఏడనన్న ఆగుతది.”

ఈ విద్య మీద ఇంగ్లిషులో వచ్చిన లావు పుస్తకాలు చాలానే ఉన్నాయి. వాటన్నిటి సారం ఈ రెండు మాటల్లో ఉంది. గాలిలో ఆగిపోయిన కారింజన్ల కథలు వింటే, పిస్టన్ పగిలో కడ్డీ విరిగో ఆగినవాటి కన్నా ఆ నాలుగింట్లో ఒకటి అందక ఆగినవే ఎక్కువగా వినబడతాయి. నువ్వు చివరిదాకా సిద్ధంగానే ఉంటావు. నీ నోటికి అందించేవాడే తప్పిపోతాడు.

నీ వంశం చిన్నదేం కాదు. 1903లో ఎగిరిన తమ విమానానికి రైట్ సోదరులు మొదట వెతికింది కారింజన్ లాంటిదాన్నే. తేలికగా ఉండి సరిపడా బలమిచ్చే ఇంజన్ చేసిపెట్టమని మోటారు కంపెనీలకు ఉత్తరాలు రాశారు. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి వాళ్ల సైకిల్ షాపులో పనిచేసే చార్లీ టేలర్ అనే మెకానిక్ ఆరు వారాల్లో చేసిపెట్టాడు. పన్నెండు గుర్రాల బలం. పంకాలు తిప్పింది గొలుసులూ పళ్లచక్రాలూ. ఇంజన్ విమానంలో మనిషిని మొదట ఆకాశానికి ఎత్తింది ఒక రిపేరు షాపే.

తర్వాత అమెరికాలో మినసోటా రాష్ట్రంలోని చెర్రీ గ్రోవ్ అనే చిన్న ఊళ్లో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే ఆయన వచ్చాడు. కారింజన్‌తో విమానం సరిగా ఎగరదని ఒక పత్రికా సంపాదకుడు రాస్తే, ఆయన వాదించలేదు. తాను కట్టిన విమానాల్లో స్నేహితుడితో కలిసి ఆ సంపాదకుడి ఊరికే ఎగిరి వెళ్లి దిగాడు. 1929లో ఎగిరిన ఆయన ‘ఎయిర్ క్యాంపర్’లో ఉన్నది ఫోర్డ్ మోడల్ ఏ కారింజన్, నలభై గుర్రాలు. నీళ్ల రేడియేటర్ పైలట్ కళ్లకు అడ్డంగా నిటారుగా నిలబడి ఉండేది. దాని పక్కనుంచి మెడ చాచి దారి చూసుకోవాలి. 1932లో ఆ విమానం నమూనా ఒక మాన్యువల్‌లో అచ్చయితే, రైతులూ బడిపంతుళ్లూ కొట్టాల్లో కట్టుకున్నారు. ఇప్పటికీ కడుతున్నారు.   

ఆ తర్వాత జర్మనీ బీటిల్ కారింజన్ వచ్చింది. నాలుగు సిలిండర్లు చెరో పక్కకు పడుకుని ఉంటాయి, నీళ్లు అక్కర్లేదు, బరువు తక్కువ. యూరప్‌లో, అమెరికాలో ఎన్ని చిన్న రెక్కలను అది మోసిందో! సుబారు ఇంజన్ బెల్టు కట్టుకుని ఎగిరింది. సుజుకి జీ13 కుటుంబం కూడా ఎగిరింది. మనవాళ్లు గుర్తుపడతారు, ఎస్టీమ్‌లో, పోలీసు జిప్సీలో ఉన్న రక్తమే అది. ఠాణా ముందు దుమ్ము కొట్టుకుని నిలబడ్డ జిప్సీని చూసినప్పుడల్లా నాకు దాని దూరపు చుట్టాలు గుర్తొస్తాయి.

ఇంట్లో విమానం కట్టే మొండితనం మన దేశానికీ కొత్త కాదు. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి, కాగితాల కోసం ఏళ్లు తిరిగి, 2017లో దానికి రిజిస్ట్రేషన్ సాధించాడు. కేరళలో సజి థామస్‌కు చెవులు వినబడవు, మాట రాదు, అయినా చిన్న విమానం కట్టి ఎగిరించాడు. ఆయన బతుకే 2017లో ‘విమానం’ అనే మలయాళ సినిమాకు ప్రేరణ.

ఇక నీ తిరుగుడు సంగతి. నిమిషానికి ఐదు వేల చుట్లు తిరిగితేనే నీలోని బలమంతా బయటికొస్తుంది. ఆరడుగుల పంకాను నేరుగా నీ క్రాంకుకు బిగించి ఆ వేగంతో తిప్పితే దాని కొసలు సెకనుకు 480 మీటర్ల దాకా పోతాయి. శబ్దం పోయేదే 340. కొసలు శబ్దాన్ని దాటాక పంకా గాలిని తోయడం మాని అరవడం మొదలుపెడుతుంది. 2,700 చుట్లకు దించితే కొస వేగం 260 దగ్గర ఆగుతుంది. అందుకని నీకూ పంకాకూ మధ్య పళ్లచక్రాలో బెల్టో పెట్టి, నీ రెండు చుట్లకు దానికి ఒక చుట్టు పడేలా చేస్తారు. లేదంటే ఫోర్డ్‌లా, బీటిల్‌లా నిన్నే నిదానంగా తిప్పి, వచ్చినంత బలంతో సరిపెట్టుకుంటారు.

చూసేవాళ్లకు నువ్వు నున్నగా తిరుగుతున్నట్టుంటావు. నిజానికి నువ్వు తన్నుతావు. ప్రతి మంటకూ ఒక తన్ను. కారులో ఆ తన్నును క్లచ్ స్ప్రింగులు, ఫ్లైవీల్, రబ్బరు టైర్లు పంచుకుని మింగేస్తాయి. ఇక్కడ నీ ఎదురుగా ఉన్నది బరువైన మొండి పంకా. నీ తన్నుల లయా, మధ్యనున్న ఇరుసు మెలితిరిగే లయా ఒకటైన వేగం దగ్గర ఉక్కు పళ్లు కూడా రాలిపోతాయి. ఆ వేగమేదో కనిపెట్టి, మీటరు మీద గీత గీసుకుని, అక్కడ నిలవకుండా దాటిపోవాలి. షెవర్లే కోర్వెయిర్ అని 1960లలో అమెరికాలో వచ్చిన కారు ఇంజన్‌కు ఈ పాఠం కష్టంగా వచ్చింది. ఆరు సిలిండర్లు, గాలితోనే చల్లబడేది, విమానం కోసమే పుట్టిందా అన్నట్టుండేది. ఎగరేసిన వాళ్ల క్రాంకుల్లో కొన్నిటికి పగుళ్లు బయటపడ్డాయి. కారులో క్రాంకు కొస మీద తిప్పే భారమే ఉండేది, వంచే భారం ఉండేది కాదు. విమానం మలుపు తీసుకున్నప్పుడల్లా, ముక్కు ఎత్తి దించినప్పుడల్లా, తిరుగుతున్న పంకా ఆ మలుపుకు ఎదురు తిరుగుతుంది, క్రాంకు మెడను వంచుతుంది. నాలుగు బేరింగులతో పుట్టిన ఇంజన్‌కు పంకా పక్కన ఐదో బేరింగు అమర్చారు. ఎక్కడో గరాజుల్లో పగిలిన క్రాంకులు చేతిలో పట్టుకుని తలలు గోక్కున్న వాళ్ల ఆలోచన అది. ఆ ఐదో బేరింగుకు ప్రత్యేకంగా ఒక దండం.

పెట్రోలు దగ్గర మాత్రం ఆగి మాట్లాడాలి. ఈ నేల మీద అది ఉత్త సాంకేతిక విషయం కాదు.

2009 జూలై 31న ఇదే ఉమ్మడి మెదక్ జిల్లాలో దుండిగల్ అకాడమీ శిక్షణ విమానం హెచ్‌పీటీ-32 దీపక్ కూలి ఇద్దరు అధికారులు చనిపోయారు. దానిలో ఉన్నది కారింజన్ కాదు. లైకమింగ్ కంపెనీ విమానాల కోసమే చేసిన ఆరు సిలిండర్ల, 260 గుర్రాల ఇంజన్. విమానం కట్టింది హెచ్‌ఏఎల్. ముద్రలూ పత్రాలూ అన్నీ ఉన్నదే. అయినా గాలిలో ఇంజన్ ఆగిపోయే జబ్బు ఆ విమానాలను ఏళ్ల తరబడి వదల్లేదు, అనుమానాలు ఇంధనం అందే దారి చుట్టూనే తిరిగాయి. ఆ ప్రమాదంతో దీపక్‌లన్నిటినీ నేల మీద నిలిపేశారు. 2013లో స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్‌లు వచ్చేదాకా కొత్త పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే సొంత విమానం లేక వాయుసేన ఇబ్బంది పడింది. మంచి ఇంజన్ ఉంటే చాలదని ఈ జిల్లా ఆకాశానికి తెలిసినంతగా మరో ఆకాశానికి తెలియదేమో.

అందుకే నీ పెట్రోలు పైపును నేను నీకన్నా ముందు కొలుస్తాను. పైపు ఎగ్జాస్ట్ దగ్గరగా పోకూడదు. పోయే చోట తొడుగు ఉండాలి. పంపు ట్యాంకు పక్కనే, వీలైనంత కిందగా ఉండాలి. పైన కూర్చున్న పంపు దూరం నుంచి పెట్రోలును పీలిస్తే పైపులో ఒత్తిడి పడిపోతుంది, మే నెల వేడికి పెట్రోలు దారిలోనే మరిగి ఆవిరి బుడగవుతుంది. బుడగను పంపు తోయలేదు. కింద కూర్చుని నెట్టే పంపుకు ఆ బాధ తక్కువ. ఒకటి చాలదు, రెండు కావాలి, రెంటికీ వేర్వేరు కరెంటు కావాలి. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, గాలిలోని తేమను తాగుతుంది. తాగీ తాగీ ఒక హద్దు దాటాక నీళ్లతో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది. నీ పైపు మొదలయ్యేది ఆ అడుగునుంచే. ఎంత ఇథనాల్ ఉందో తెలుసుకోవడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. గీతలున్న గాజు గొట్టంలో కొన్ని నీళ్లు, వాటి మీద పెట్రోలు పోసి కుదిపి నిలబెడితే చాలు. ఇథనాల్ నీళ్లలోకి దిగుతుంది, నీళ్ల మట్టం ఎంత పెరిగితే అంత కల్తీ. పొద్దున్నే ఎగరబోయే ముందు ట్యాంకు అడుగునుంచి ఒక గిన్నెడు దింపి, వెలుతురుకు ఎత్తి, అందులోకి తొంగి చూసే మనిషిని చూడాలి. గర్భగుడిలో తీర్థం తీసుకునేవాడికీ అంత ఏకాగ్రత ఉండదు.

మంటకు నువ్వు బ్యాటరీ మీద ఆధారపడతావు. నిజం చెప్పాలంటే ఇది నీ బలహీనత. విమానాల కోసం పుట్టిన ఇంజన్లు మాగ్నెటో పెట్టుకుంటాయి, తిరుగుతున్నంతసేపూ తమ నిప్పు తామే పుట్టించుకుంటాయి, అదీ రెండేసి. నీకు డైనమో ఆగితే బ్యాటరీలో మిగిలినంతే ఆయుష్షు. అందుకని నీకు రెండు కాయిళ్లు, రెండు బ్యాటరీలు, రెండు తీగల దారులు ఇస్తారు, వాటిని మార్చే స్విచ్చు పైలట్ చేతికి అందే చోట పెడతారు. బయల్దేరే ముందు ఒక దారి ఆపి రెండోదాని మీద నడిపిస్తారు, మళ్లీ తిప్పి చూస్తారు. చుట్లు ఎంత తగ్గాయో రాసుకుంటారు. పోయిన వారం కన్నా యాభై ఎక్కువ తగ్గితే ఆ రోజు ప్రయాణం లేదు. ప్లగ్గులు విప్పి వరసగా బల్ల మీద పెడితే అవి నీ లోపలి సంగతులన్నీ చెప్పేస్తాయి. లేత గోధుమ రంగైతే సుఖం. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లగా మాడితే పెట్రోలు చాలక వేడెక్కుతున్నావు. ఈ రంగులు జోగిపేటలో పన్నెండేళ్ల పోరడికి కూడా తెలుసు. తెల్ల ప్లగ్గు గాలిలో ఎంత దూరం తీసుకుపోతుందో ఒక్కటే వాడికి చెప్పాల్సింది.

చల్లదనం కష్టమైన విద్య. నీలో కాలిన పెట్రోలులో సుమారు మూడో వంతే పంకాకు చేరుతుంది, మరో వంతు పొగగొట్టంలో పోతుంది, మిగిలిన వేడిని ఎవరో మోసుకుపోవాలి. రేడియేటర్‌ను గాలికి ఎదురుగా పెట్టేస్తే సరిపోతుందనుకునే వాళ్లు మొదటి వేసవిలోనే నేర్చుకుంటారు. గాలి వచ్చే నోరు చిన్నదిగా, లోపల దారి వెడల్పుగా, రేడియేటర్ దాటాక మళ్లీ ఇరుకుగా ఉండాలి. పరుగెత్తి వచ్చిన గాలి లోపల నెమ్మదించి, ఒత్తిడి పెంచుకుని, రేకుల సందుల్లోంచి దూరి, వేడి ఎత్తుకుని బయటపడాలి. సందుల్లో ఎక్కడ ఖాళీ వదిలినా గాలి ఆ సులువైన దారే పడుతుంది, రేకుల వైపు చూడదు. ఆ ఖాళీలను రబ్బరు పట్టీలతో మూస్తూ మోకాళ్ల మీద కూర్చునే పనికి కీర్తి ఉండదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ పొలాలు సముద్రమట్టానికి 545 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మే నెల మధ్యాహ్నం నలభై డిగ్రీల్లో అక్కడి గాలి ఐదు వేల అడుగుల కొండ మీది గాలంత పలచన. నీకు ఊపిరి తక్కువ, రెక్కలకు పట్టు తక్కువ, పంకాకు తోయడానికి తిండి తక్కువ, వేడి మాత్రం ఎక్కువ. అలాంటి మధ్యాహ్నం తాళం వేసి ఇంటికి పోయి పడుకోవడం కూడా మెయింటెనెన్సే అని నా అభిప్రాయం.

చలి నీకు ఇంకో చోట దెబ్బ కొడుతుంది, అది చెబితే ఇక్కడ చాలామంది నమ్మరు. కార్బురేటర్‌లో మంచు పడుతుంది. డిసెంబరు పొద్దున మంజీర మీద పొగమంచు లేచే వేళ, ఇరవై డిగ్రీలున్నా సరే. ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగి చల్లబడుతుంది, పెట్రోలు ఆవిరవుతూ ఇంకా చల్లబరుస్తుంది, తేమ అక్కడే గడ్డకట్టి నీ గొంతు నొక్కుతుంది. స్వెటర్ కూడా అక్కర్లేని పొద్దున ఇంజన్ మంచుతో ఆగడం! దానికి మందు పొగగొట్టం చుట్టూ తొడుగు వేసి, అక్కడి వేడిగాలిని ఒక మీటతో లోపలికి వదలడం. ఆ మీట తీగ తుప్పు పట్టిందో లేదో నెలకోసారి లాగి చూడాలి. తెలంగాణలో దాని అవసరం ఎన్నిసార్లు వస్తుందని అడగకూడదు.

నూనె నీ మనసులో మాట చెబుతుంది. ఫిల్టరు ఉన్న విమానం ఇంజన్లకు యాభై గంటలకోసారి నూనె మార్చడం ఆనవాయితీ. నీకైతే అంతకన్నా ముందే మార్చినా తప్పులేదు. పాత ఫిల్టరును చెత్తలో వేయరు. డబ్బాను కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, పొడుగ్గా పరిచి, ఎండలో చూస్తారు. అయస్కాంతం తిప్పుతారు. అంటుకున్న రజను ఉక్కుది, ఎక్కడో పళ్లో బేరింగో కామ్ ఇరుసో అరుగుతోంది. అంటుకోకుండా తెల్లగా మెరిస్తే అల్యూమినియం, పిస్టన్ వైపు చూడాలి. పసుపుగా ఉంటే కంచు బుష్. ఏమీ లేకపోతే ఆ ఏమీ లేకపోవడాన్ని కూడా తేదీతో పుస్తకంలో రాస్తారు. కారు మెకానిక్ ఈ పని చేయడు, చేయనక్కర్లేదు. రజను కనబడని కాగితాన్ని అంతసేపు వెతకడం నాకు ఈ విద్యలో అన్నిటికన్నా అందమైన దృశ్యం.

నట్టు బిగించాక దాని మీద నుంచి పక్కనున్న లోహం మీదకు ఎర్ర రంగుతో ఒక గీత గీస్తారు. గీత విరిగిందంటే నట్టు కదిలింది. బోల్టు తలలకు రంధ్రాలు పెట్టి సన్నటి స్టీలు తీగ దూర్చి మెలిపెట్టి, ఒకటి వదులైతే ఆ లాగుడుకు రెండోది బిగిసేలా కట్టేస్తారు. స్ప్లిట్ పిన్ను ఒకసారి తీస్తే మళ్లీ వాడరు, కొత్తది రెండు రూపాయలు కూడా ఉండదు. చెక్క పంకా ఉన్నవాళ్లకు కార్తెలతో పని. రోహిణి ఎండలకు చెక్క ముడుచుకుని బోల్టులు వదులవుతాయి. మృగశిర చినుకులు పడ్డాక చెక్క ఉబ్బి, బోల్టు కింద నార నలుగుతుంది. కార్తె మారినప్పుడల్లా టార్క్ రెంచితో మళ్లీ కొలవాలి. ఎండా వానా పంచాంగంలో చూసుకుని నట్లు బిగించే పని ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. దసరాకు పానాలు కడిగి కుంకుమ పెట్టే ఊరు మాది, మాకు ఇది వింతగా అనిపించదు.

అమెరికా చట్టంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. సొంతంగా కట్టిన విమానం తలుపు దగ్గర, ఎక్కేవాడికి కనబడేలా ‘ఎక్స్‌పెరిమెంటల్’ అని పెద్ద అక్షరాలతో రాయాలి. ధ్రువీకరణ లేని ఇంజన్ పెట్టుకుంటే మొదటి నలభై గంటలు ఊళ్లకు దూరంగా, కేటాయించిన చోట, ప్రయాణికులు లేకుండా ఎగరాలన్నది అక్కడ చాలాకాలంగా ఉన్న పద్ధతి. అవి దాటాక, కట్టినవాడికే ఏటేటా దాన్ని తనిఖీ చేసి సంతకం పెట్టే హక్కు ఇస్తారు. ‘నీకన్నా దాన్ని బాగా ఎరిగినవాడు లేడు కనుక నువ్వే చూసుకో’ అనడం ఒక ప్రభుత్వం పౌరుడికి చేసే పెద్ద మర్యాద. అదే పెద్ద బరువు కూడా. తన తప్పును తానే వెతికి పట్టుకోవాలి. రాత్రి పదకొండుకు బిగించిన నట్టును పొద్దున వేరే మనిషి కళ్లతో చూడాలి. తను చేసింది బాగుందని నమ్మడం సులువు, ఆ నమ్మకాన్ని పక్కన పెట్టి మళ్లీ చూడటమే అసలు పని. గాలిలో నిన్ను నిలబెట్టేది ఆ రెండో చూపు.

కారింజనూ, నేల మీద నీకు ఆ చూపు అక్కర్లేదు. రోడ్డు మీద అది లేకుండానే లక్ష కిలోమీటర్లు పోతావు. ఆకాశంలో దాన్ని అడుగుతావు, ప్రతి గంటకూ అడుగుతావు. ఏమరుపాటున బతికే మాలాంటి వాళ్లలో ఒకణ్ని పట్టుకుని, బల్ల ముందు కూర్చోబెట్టి, ఫిల్టరు కాగితం మడతలు విప్పిస్తావు. పత్రికలూ పురస్కారాలూ ఎగిరినవాడి గురించి మాట్లాడతాయి, మాట్లాడనీ. నేను పొగిడేది ఎగరని రోజులను. ఒక గంట గాలిలో ఉండటానికి షెడ్డులో ఎన్నో గంటలు మోకాళ్ల మీద గడిపేవాణ్ని. టార్చి నోట్లో పట్టుకుని ఇంజన్ వెనక సందులోకి చెయ్యి దూర్చి, కళ్లకు కనబడని నట్టును వేలికొసలతో తడిమి చూసేవాణ్ని. చెయ్యి చెక్కుకుపోయినా తిట్టుకుంటూ మళ్లీ దూర్చేవాణ్ని. బయల్దేరడానికి అన్నీ సిద్ధమై, బంధువులంతా చూడటానికి వచ్చి నిలబడ్డాక, చుట్లు యాభై తగ్గాయని స్విచ్చు ఆపేసి కిందికి దిగేవాణ్ని. వాడి ముఖం చూడలేక చుట్టాలు చాయ్ తాగి వెళ్లిపోతారు. సాయంత్రానికి దొరుకుతుంది, కాయిల్ దగ్గర వదులైన చిన్న టెర్మినల్. దాన్ని పుస్తకంలో రాస్తాడు. తేదీ, గంటలు, దొరికింది, చేసింది, సంతకం.

విమానం కట్టినవాడా, సంతకం పెట్టాక కూడా బానెట్ మూయకు. కుడివైపు ప్లగ్గులు చూశావు. ఎడమవైపువి ఇంకా విప్పలేదు.